మొదటి పేజీ కవిత

అన్నా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. నువ్వు నడిపిన కవితల పత్రిక కాగితాలన్నీ లైబ్రరీకి ఇద్దామని, వారం రోజులుగా గద్వాల ఇంట్లో దుమ్ములో కూర్చుని సర్దుతున్నాను. ఒక్క ఉత్తరం మీదా తేదీ లేదు. పెళ్లిపత్రికల వెనక సంపాదకీయాలు రాసేవాణ్ని నిన్నొక్కణ్నే చూశాను.

నిన్న ఒక కవిత దొరికింది. రాసింది ఉప్పునుంతలలో బట్టలు కుట్టే షాహీన్. పైన ఎర్ర సిరాతో నీ రాత: "మొదటి పేజీకి." నీ జబ్బుతో ఆ సంచిక ఆగిపోయింది, సరే. ఆమెకు ఒక్క కార్డు ముక్క రాయడానికేమైంది?

కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేశాను.

"సార్ జవాబియ్యలే. నా కవిత బాగలేదేమో అనుకున్న అక్కా. రాసుడే బంద్ చేసిన," అంది.

నీ మీద ఒళ్లు మండిపోయింది. నువ్వు రాసిన ఆ మాట చెప్పాను.

"నా తాన కాపీ లేదక్కా. జర సదువుతవా?"

చదివాను. అయిపోయాక మెల్లగా అడిగింది: "గిది నేనే రాసిన్నా?"

లైబ్రరీవాళ్లు రేపు వ్యాన్ పంపుతారట. రానీ. తాళం పక్కింట్లో ఇచ్చి, ఆ కాగితం పట్టుకుని పొద్దున్నే ఉప్పునుంతల పోతున్నాను. నువ్వు చెప్పాల్సిన క్షమాపణ కూడా నా నెత్తినే పడింది.

నీ చెల్లెలు