జీడి మచ్చ

బెజవాడ,
18-2-1944

అన్నయ్యకు వెంకటరావమ్మ నమస్కారాలు. నేను కులాసా.

నీ కార్డు అందింది. మశూచి టీకా వేయిస్తే అమ్మవారికి కోపం వస్తుందని వదిన భయపడుతోందనీ, నీ దగ్గర వదిలిన నా కూతురు సుందరిని టీకా లేకుండానే బడికి రానివ్వమని అక్కడి పంతులుగారికి రెండు ముక్కలు రాయమనీ అడిగావు. రాయను.

మా బడిలోనూ టీకా మచ్చ లేని పిల్లని రానివ్వొద్దని ఉత్తర్వు. పోయిన నెల ఒక పిల్ల చేతి మీద కొత్త మచ్చ చూశాను. మంగళగిరి నేతింట్లో పుట్టినదాన్ని, చాకలి బట్టకి గుర్తు పెట్టే జీడి నాకు తెలియదా? టీకా మచ్చలా కనబడాలని వాళ్లమ్మ జీడి రసం పెట్టి పొక్కించింది. "బడి మానిపించకండి పంతులమ్మగారూ, పుస్తకం లేందే అది అన్నం ముట్టదండి" అని ఏడ్చింది. పెద్ద పంతులమ్మగారు చూడకుండా నేనే ఆ పిల్ల జాకెట్టు చెయ్యి కిందికి లాగి లోపల కూర్చోబెట్టాను.

పది రోజుల కిందట ఆ పిల్లకి అమ్మవారు పోసింది. మొన్న ఉదయం చనిపోయింది. పక్కన కూర్చునే పిల్లకి ఇవాళ జ్వరం.

సుందరికి రేపే టీకా వేయించు. జ్వరం వస్తే రెండు రోజుల్లో తగ్గుతుందని వదినకి చెప్పు. నాన్న కళ్లకి మందు వేస్తున్నారా? నీ కాళ్ల వాపు తీసిందా? ఇక్కడ అంటు పోయేదాకా నేను రాను. వదినకి నమస్కారాలు, సుందరికి దీవెనలు. వచ్చాక ముందు దాని చెయ్యే చూస్తాను. చూసీ ఊరుకున్న మచ్చ ఒక్కటి చాలు నాకు.

నీ చెల్లెలు
వెంకటరావమ్మ