గడ్డి వ్యాగన్ల తీర్పు

హైదరాబాదు

తమ్ముడు కుళ్ళాయప్పకు చెన్నప్ప దీవెనలు. నేనూ, ఎర్రప్ప పెదనాయనా క్షేమం.

కేసు గెలిచాం. గడ్డికి ధర కట్టడం సర్కారు పనే గాని, కరువు సీమకు రైలెక్కిన గడ్డిని దారిలో ఆపడం కాదని హైకోర్టు తీర్పు. ఎద్దు రోజుకెంత తింటుందని జడ్జిగారు అడిగితే వకీళ్ళు కాగితాలు తిరగేశారు. గుడికొచ్చినట్టు చెప్పులు బయట విడిచి, వెనక నిలబడ్డ పెదనాయన, "పెడితే మోపు తింటాది సామీ. పెట్టకుంటే మా మొకం చూస్తాది" అన్నాడు. జడ్జిగారు కలం కింద పెట్టి, ఆయన్ను కూర్చోమన్నారు. అంతటి మనిషిని నేను చూడలేదు.

సోమవారానికి వ్యాగన్లు వస్తాయి. అమ్మ దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు. పెదనాయన ఎద్దులను సంతకు తోలొద్దు. ఇప్పటికే తోలి ఉంటే ఆ మాట మాత్రం రాయకు. నీ కార్డులు ఆయనకు చదివి వినిపించేది నేనే.