సొట్టపడిన గంగచెంబు

కాశీ, 14 నవంబరు 1964

సూర్యాపేటలో కస్తూరి వదినెకు,

మీరు కంగారు పడతారని ముందే రాస్తున్నాను, మేమిద్దరం బతికే ఉన్నాం.

విశ్వనాథుని దర్శనమైంది. రామనగర్ కోట, పట్టుచీరలు నేసే మగ్గాలు చూశాం. "కాశీల మా తమ్ముడు కోపం ఇడిసిపెడ్తడు, జర ఓర్సుకో" అని మీరు బస్సు దగ్గర చెప్పారు. గంగలో ఇష్టమైనదాన్ని వదలమంటే మీ తమ్ముడు కాకరకాయ వదిలాడు. పుట్టిన్నుంచీ ఆయన దాన్ని ముట్టింది లేదు కదా, నాకు నవ్వొచ్చింది. ఘాట్ మెట్ల మీదే, అందరి ముందు చెంప మీద కొట్టాడు. చెవిలోంచి రక్తం కారింది.

"ఇంకోసారి నవ్వు, సంపి గీడనే కాలబెడ్త" అని మళ్ళీ చెయ్యెత్తాడు.

ఊరికొచ్చాక సమారాధనలో పెట్టడానికి సీలు వేయించిన గంగచెంబు నా చేతిలో ఉంది. దానితో నుదుటి మీద కొట్టాను. ఆయన పడిపోయాక ఇంకోసారి కొట్టాను. దవాఖానలో ఏడు కుట్లు వేశారు. ఇప్పుడు లేచి కూర్చుని పాలు తాగుతున్నాడు, నా వైపు మాత్రం చూడటం లేదు.

చెంబుకు సొట్ట పడింది గానీ సీలు ఊడలేదు. పూజలో అదే పెడతాను, వేరేది కొననివ్వను. వచ్చే శనివారం వస్తాం, చుట్టాలందరినీ పిలవండి. సొట్ట ఎట్లా పడిందని ఎవరైనా అడిగితే మీ తమ్ముడితోనే చెప్పిస్తాను.

మీ మరదలు