జీపు మీది పంజరం తీయించమని

అశోక్‌నగర్, హైదరాబాదు
14 జులై 1969

ప్రాంతీయ రవాణా అధికారి గారి సముఖమునకు, అశోక్‌నగర్‌లో విఠల్ గారి ఇంటి వెనుక వాటాలో కిరాయికి ఉంటున్న పంపుసెట్ల ఏజెంటు చెరుకుమిల్లి వీరరాఘవరావు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: నా జీపునకు వెలుపల బిగించిన ఇనుప గొట్టాల చట్రము – దాని లాభనష్టములు – తొలగింపునకు ఉత్తర్వు కోరుట – గురించి.

అయ్యా,

గత ఏప్రిల్‌లో నారాయణగూడ చౌరస్తా వద్ద తమ ఇన్‌స్పెక్టరు గారు నా జీపును ఆపి, సదరు చట్రమునకు అనుమతి లేదని సెలవివ్వగా, అనుమతి కోరుతూ అర్జీ పెట్టుకొనియుంటిని. దానిపై తమ కార్యాలయము వారు చట్రము వల్ల గల లాభములను, నష్టములను సవివరముగా తెలుపవలెనని మెమో పంపినారు. ఆ ప్రకారం తెలుపుకొంటున్నాను. వెనుకటి అర్జీ ఇంగ్లీషులో, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉండడం తమరు గమనించే ఉంటారు. అది మా ఇంటి యజమాని విఠల్ గారి దస్తూరీ. ఆయన ఒక ఆఫీసులో హెడ్‌క్లర్కు. ఈ గజిబిజి రాత నాది. ఆయన చేత ఎందుకు రాయించలేదో కిందికి వచ్చేసరికి తమకే తెలుస్తుంది.

లాభములు:

1. నా జీపు మిలిటరీ వారు వేలం వేసినది. నెత్తిన గుడ్డ తప్ప కప్పు లేదు. నా వ్యాపారమంతా రోడ్డు లేని ఊళ్ళతోనే. బండిబాటలు, వాగులు, చెరువు కట్టలు దాటి పోవాలి. బోల్తా పడితే బరువు మనిషి తల మీదికి రాకుండా గొట్టాల మీదికి పోతుంది. ఇది వట్టి మాట కాదు. మొన్న మే నెలలో అచ్చంపేట అవతల ఒక కట్ట దిగుతుండగా జీపు పక్కకు ఒరిగి పూర్తిగా పడుకొన్నది. చట్రం నేలకు ఆని ఆగింది. నేను కళ్ళజోడు కూడా పగలకుండా బయటికి వచ్చి గట్టు మీద కూర్చున్నాను.

2. చట్రం వెలుపల ఉన్నందువల్ల లోపల చోటు తగ్గలేదు. మోటార్లు పడుతున్నవి. గుంతల్లో బండి ఎగిరినప్పుడు ఇనుము తలకు తగలదు.

3. పైన సామాను కట్టుకోవచ్చు. నా భార్య హైమవతి గుమ్మడి వడియాలు కూడా దాని మీదనే ఆరబెడుతుంది. ఇది తమ కార్యాలయానికి పనికివచ్చే లాభం కాకపోవచ్చు. సవివరముగా అన్నారు కనుక రాశాను.

4. "చట్రము బిగించినది మొదలు, ఈ యేటి గడబిడలలో సైతము వాహనముపై ఒక్క రాయి పడలేదు" అని వెనుకటి అర్జీ చివర ఉన్నది. ఆ వాక్యం విఠల్ గారిది కాదు. ఆయన రాసి ఇచ్చాక, కింద ఖాళీ కనబడితే నేను తెలుగులో ఇరికించాను. దానిని తమరు కొట్టివేయవలెను. రాయి పడలేదన్న మాట నిజమే. చట్రం వల్ల అన్నది అబద్ధం.

నష్టములు:

1. బరువు పైకి చేరి మలుపుల్లో బండి ఊగుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. వానకు తుప్పు పడుతుంది. బోల్టులు బిగించిన చోటల్లా రేకు చిరుగుతున్నది. ఇక చప్పుడు సంగతి చెప్పనే అక్కరలేదు. చిక్కడపల్లి మార్కెట్టు సందులో పిల్లలు దీనికి "పింజ్రా" అని పేరు పెట్టారు. నేను కనబడగానే "షేర్ ఆయా, షేర్ ఆయా" అని వెంటబడతారు. పంజరంలో కూర్చున్నది ఎంతటి సింహమో నాకు తెలుసు కనుక తల తిప్పకుండా వెళ్ళిపోతాను.

2. మనిషికి లేని ధైర్యం వస్తుంది. పైన చెప్పిన చెరువు కట్ట మీద, చట్రమే లేకపోతే, నేను దిగి నడిచి పోయేవాణ్ణి. చట్రం ఉన్నదని బండి దింపాను. కాబట్టి మొదటి లాభంలో సగం ఇక్కడ తీసివేయవలసి ఉంటుంది.

3. చట్రం బండి కంటే అటూ ఇటూ జానెడు వెడల్పు. తోలేవాడి కన్ను మాత్రం పాత కొలతనే చూస్తుంది. ఈ మూడవ నష్టం గురించి వివరంగా మనవి చేసుకోవాలి. ఇక్కడి నుంచి నాకు అర్జీ భాష చాలదు. మన్నించాలి.

మేము కోస్తా నుంచి వచ్చి ఈ ఇంట్లో దిగి తొమ్మిదేళ్ళయింది. విఠల్ గారు ఒక్కనాడూ మమ్మల్ని కిరాయివాళ్ళుగా చూడలేదు. ఈ ఏడు ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలయ్యాక నాకు భయం పట్టుకున్నది. పేపరు చదివినా భయమే, చదవకపోయినా భయమే. వీధి మలుపులో నలుగురు నిలబడి మాట్లాడుకుంటుంటే నా గురించే అనిపించేది. ఆ నలుగురిలో ముగ్గురు నాకు తొమ్మిదేళ్ళుగా తెలిసినవాళ్ళే. అప్పుడు ఈ చట్రం ఆలోచన వచ్చింది. అడవి బాటల్లో బోల్తా పడితే కాపాడుతుందని అందరికీ చెప్పాను. విఠల్ గారికీ అదే చెప్పాను. ఆయన నమ్మి, సెలవు పెట్టి, నన్ను నారాయణగూడలో తనకు తెలిసిన బాలకిషన్ వెల్డింగు షాపుకు స్వయంగా తీసుకువెళ్ళారు. పొద్దస్తమానం ఎండలో నిలబడ్డారు.

"బాలకిషన్, పతలా పైపు వద్దు, మోటాది వెయ్యి. రావుగారు జంగల్‌ల ఒక్కరే తిరుగుతరు" అని ఆయన అంటుంటే నేను పక్కనే ఉన్నాను. నాకు సిగ్గు వేసింది. బండి ఇంటికి వచ్చాక నిమ్మకాయలు కట్టి, కొబ్బరికాయ కొట్టింది కూడా ఆయనే.

నెల తిరక్కుండా నేను ఒక్కణ్ణే వేరే షాపుకు పోయి, చట్రానికి ముందూ పక్కలా ఇనుప జాలీ బిగించుకొని వచ్చాను. విఠల్ గారు జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూశారు.

"పైపులంటే బోల్తా కొట్టినప్పటికి. జాలీ ఎందుకు రావుగారు?"

"అడవిలో కొమ్మలు తగులుతాయండి" అన్నాను.

"అట్లనా. మంచిది" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆయనకు తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలిసింది. తరువాత తమ ఇన్‌స్పెక్టరు గారు బండి ఆపడం, నేను మళ్ళీ ఆయన దగ్గరికే పోయి అర్జీ రాసిపెట్టమనడం జరిగింది. ఇంకెవరి దగ్గరికి పోను? జాలీ సంగతి ఏమని రాద్దామని అడిగాను. "కొమ్మలు తగుల్తయన్నరు గద. అదే రాస్త" అని తల ఎత్తకుండా రాశారు. ఆ ఇంగ్లీషు వాక్యం తమ ఫైలులో ఇప్పటికీ ఉంటుంది.

ఆ వేసవంతా సాయంత్రం కాగానే ఆయన గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చునేవారు. గాలి కోసం అనుకున్నాను.

జూన్ చివర్లో ఒకనాటి సాయంత్రం చిక్కడపల్లి వైపు నుంచి కేకలు వినబడ్డాయి. నేను అప్పుడే ఇల్లు చేరుతున్నాను. ఆదరాబాదరా జీపును తిప్పి రివర్సులో గేటులోకి తోశాను. విఠల్ గారు కుర్చీ పక్కకు లాగి, నా కోసం గేటు తెరిచి పట్టుకొని ఉన్నారు. వెనుక మూల గొట్టం ఆయన కుడి ముంజేతిని గేటు స్తంభానికి అదిమింది. ఎముక చప్పుడు నాకు వినబడింది. ఇంజను చప్పుడులో ఎలా వినబడిందో తెలియదు, కాని వినబడింది.

కేకలు వేస్తూ వస్తున్నవాళ్ళలో కొందరు గేటు దగ్గర ఆగారు. "ఏమైంది విఠలన్నా?" అని అడిగారు. నేను స్టీరింగు పట్టుకొని జాలీ లోపల కూర్చున్నాను.

"ఏం కాలే. మెట్టు మీద జారిన. మీరు పోండ్రి ఇండ్లకు" అన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు. నేను దిగి, ఆస్పత్రికి తీసుకుపోతాను ఎక్కండి అన్నాను. "ఈ జీపుల వద్దు. అందరు చూస్తరు, ఆలోచన చేస్తరు" అని రిక్షా పిలిపించుకున్నారు. ఈ రోజు వరకు ఎవరికీ నిజం చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

మర్నాడు పలకరించడానికి వెళితే వారి భార్య సులోచన గారు అన్నారు: "నొప్పి గురించి కాదు ఆయన రంది. ఇగ పొద్దుమీకి గేటు కాడ ఎవరు కూసుంటరని."

"గాలి కోసం కాదా అమ్మా?"

"గాలికైతే మాకు డాబా లేదా? మీ దిక్కు ఎవరన్న వస్తే నాలుగు మాటలు చెప్పి పంపెతందుకు కూసునెటోడు."

నాలుగవ లాభం ఎందుకు అబద్ధమో తమకు ఇప్పుడు తెలిసి ఉంటుంది. నా జీపు మీద రాయి పడకుండా ఆపింది ఇనుము కాదు, ఒక మడత కుర్చీ. ఎవరికి భయపడి ఈ పంజరం కట్టుకున్నానో వారెవరూ నన్ను ఏమీ చేయలేదు. పంజరం మాత్రం ఇంతవరకు ఒక్క మనిషిని గాయపరిచింది. ఆ మనిషే నన్ను చేయి పట్టుకొని బాలకిషన్ షాపుకు తీసుకువెళ్ళినందుకే నేను కట్ట మీద బతికి బయటపడ్డాను. అన్నం ముందు కూర్చుంటే ఆ చప్పుడు మళ్ళీ వినబడుతుంది.

కావున ప్రార్థన ఏమనగా:

చట్రమును, జాలీని వెంటనే తీసివేయవలెనని ముద్ర వేసి ఉత్తర్వు పంపించవలెను. నువ్వే తీసేయరాదా అని తమరు అడగవచ్చు. కట్ట మీద జరిగింది విన్నప్పటి నుంచి హైమవతి "ఆ గొట్టాలే మిమ్మల్ని ఇంటికి తెచ్చాయి, వాటి మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అంటున్నది. వీధిలో వాళ్ళు ఎందుకు తీశావని అడిగితే, విఠల్ గారు దాచిన మాట నా ముఖం మీదనే కనబడిపోతుంది. సర్కారు తీయించిందంటే ఎవరూ ఏమీ అడగరు. అలాగే నా లైసెన్సుపై తగిన చర్య తీసుకోవలెను. మెట్టు మీద జారానన్న మాటకు విఠల్ గారిని ఏమీ అనరాదు.

ఇది చిత్తగించి, నాపై ఎంత మాత్రమూ దయ తలచకుండా ఉత్తర్వు ఇప్పించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
చెరుకుమిల్లి వీరరాఘవరావు

తా.క. పోస్టులో వేసే ముందు దీనిని విఠల్ గారికి చదివి వినిపించాను. ఆయన ఉర్దూ మీడియంలో చదువుకున్నవారు, తెలుగు చదవడం నిదానం. వినిపించకుండా పంపితే ఇంకో జాలీ బిగించినట్టే అనిపించింది. కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకొని విన్నారు. జాలీ ఎందుకో రాసిన చోట నేను ఆగితే "చదువుండ్రి" అన్నారు.

అంతా అయ్యాక అన్నారు: "జాలీ తీసెయ్యుండ్రి. దానికి సర్కారు హుకుం ఎందుకు, పానా ఉంటే చాలు. పైపులు మాత్రం ఉండనియ్యుండ్రి."

"మీ చేయి విరగ్గొట్టిన పైపులా?"

"ఈడనంటే నేను గేటు కాడ కుర్చీ ఏసుకొని కూసుంట. ఆ జంగల్‌ల బోల్తా పడితే, ఆడ ఎవరు కూసుంటరు రావుగారు?"

ఈ ఉదయం జాలీ విప్పేశాను. నట్లు దొర్లిపోకుండా ఆయన ఎడమ చేతిలో పట్టుకున్నారు. గొట్టాల విషయం తమ చిత్తం. మూడవ నష్టం కొట్టేయమని ఆయన చాలాసేపు చెప్పారు. కొట్టేయలేదు. తమ ఇన్‌స్పెక్టరు గారు విచారణకు రాదలిస్తే సాయంత్రం పూట గేటు దగ్గరికే రావలెను. విఠల్ గారి చేయి అతికేదాకా ఆ కుర్చీలో నేనే ఉంటాను.