చక్కెర మరిగిన బూజు

తమ్ముడికి, అక్క రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని పేపర్లో ఫోటో చూసి తెలుసుకున్నాం. ఎండుచొప్ప నుంచి ఇంధనం తీసే బూజును కనిపెట్టిన యువకుడివట. నాన్న ఆ పేపరు నలుగురికీ చూపించి మురిసిపోయాడు. నేను నోరు మూసుకున్నాను.

నీ ఉత్తరంలో నాన్న దగ్గు గురించి అడిగావు. ఈ ఏడు చుట్టుపక్కల చొప్పంతా నేను పనిచేసే ఫ్యాక్టరీయే కొనేసింది. తగలబెట్టడానికి పొలాల్లో ఏమీ మిగల్లేదు. పొగ తగ్గింది, దగ్గూ తగ్గింది.

కోపం ఇంకా పోలేదా అని కూడా అడిగావు. పోలేదు. వానకి నాని కుళ్ళిన చొప్పకుప్ప అడుగు నుంచి ఆ పచ్చబూజును తలపిన్నుతో గీకి తీసింది నేను. నువ్వు గొడుగు పట్టుకుని, కంపు భరించలేక మొహం అటు తిప్పుకున్నావు. అది వదిలే ఎంజైములు చొప్పను చక్కెరగా విడగొడతాయని, ఆ చక్కెరను పులియబెడితే ఇథనాల్ వస్తుందని తేల్చేసరికి నా నడుం వంగిపోయింది. నువ్వేమో ఇక్కడి ఉద్యోగం వదిలి వేరే కంపెనీకి మారుతూ ఆ బూజు ఒక సీసాడు జేబులో వేసుకుపోయావు. అడిగితే, మనిద్దరిదే కదా అన్నావు. ఫోటోలో మాత్రం ఒక్కడివే ఉన్నావు.

ఇక నీ అసలు ప్రశ్న. మీ ట్యాంకుల్లో బూజు గుబురుగా పెరుగుతోంది, చొప్ప మాత్రం చొప్పలాగే ఉంటోంది, ఎందుకని. త్వరగా పెరగాలని చక్కెర నీళ్ళు పోస్తున్నావు కదూ? కూర్చోబెట్టి తీపి తినిపిస్తుంటే దానికి ఎంజైములతో పనేముంది? చొప్ప తప్ప వేరే దిక్కు లేనప్పుడే అది ఒళ్ళు వంచుతుంది. ఈ సంగతి నీకు ఎన్నిసార్లు చెప్పానో. నీ చెవికెక్కితే కదా.

ఇప్పటిదాకా చెప్పనిది ఒకటుంది. పోయిన వారం మీ యజమాని నీకు తెలియకుండా ఇక్కడికి వచ్చాడు. నా ట్యాంకులో చొప్ప కరిగి జావలా అవడం కళ్ళారా చూశాడు. ఈ బూజు ఎవరిదని అడిగాడు. ఏదీ దాచకుండా చెప్పాను. నీ కుర్చీ నాకిస్తానన్నాడు. ఒప్పుకున్నాను.

నాన్నకి ఆ సాయంత్రమే చెప్పేశాను.

"వాడికి పెళ్ళాం పిల్లలున్నారే. వదిలెయ్యి," అన్నాడు.

"నాకు ఆ బూజు తప్ప ఏముంది నాన్నా?" అన్నాను.

అప్పటి నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. అయినా నేను ఆగను.

సోమవారం పొద్దున వస్తాను. ఆలోపు ట్యాంకులన్నీ ఖాళీ చేయించి, వేడినీళ్ళతో కడిగించి ఉంచు. నిన్ను పంపించేస్తానని మీ యజమాని అంటే నేనే వద్దన్నాను. నీ మీద జాలితో కాదు. చొప్ప మోసి ట్యాంకుల్లో వెయ్యడానికి మనిషి కావాలి. ఉంటావో పోతావో నీ ఇష్టం. ఉంటే మాత్రం నలుగురిలో అక్కా అని పిలవకు. మేడం అను.

ఇట్లు,
సోమవారం నుంచి నీ పై అధికారి,
అప్పటిదాకా నీ అక్క.