కవర్‌గా ఐదు చోట్ల

గురువారం, లీడ్స్

వచ్చే సీజన్ బాలే నృత్యనాటకంలో ఎవరెవరికి ఏ పాత్రో రాసిన కాగితం ఈ ఉదయం క్యాంటీన్ పక్క బోర్డు మీద పెట్టారు. నా పేరు ఐదు చోట్ల ఉంది, ఐదు చోట్లా కవర్‌గానే. ఎవరికైనా కాలు బెణికితే నేను స్టేజీ ఎక్కాలి. మూడేళ్లలో ఒక్కరికీ బెణకలేదు. ఇలా రాయకూడదు, కానీ రాశాను.

రాణి పాత్ర మేగన్‌కి ఇచ్చారు. ఆ పిల్ల మా డాన్స్ కంపెనీలో చేరి నాలుగు నెలలు. రిహార్సల్స్ చూసే హెలెన్ నన్ను పిలిచి, "మేగన్‌కి నువ్వే నేర్పు. నీకన్నీ గుర్తుంటాయి కదా" అంది.

"మరి నాకెందుకు ఇవ్వలేదు?" అన్నాను. ఇన్నాళ్లలో మొదటిసారి నోరు తెరిచి అడిగాను.

ఆవిడ ఆశ్చర్యపోయింది. "నువ్వు స్టేజీ మీదుంటే మిగతావాళ్లకి ఎవరు నేర్పుతారు? నువ్వున్నావన్న ధైర్యంతోనే కదా ఈ బాలే మళ్లీ వేస్తున్నాం!" మెచ్చుకుంటున్నాననే అనుకుంది.

టీ బ్రేక్‌లో, ఫ్లాట్‌లో నాతో ఉండే స్వాతక్కకి ఫోన్ చేసి అంతా చెప్పాను. "పిచ్చిదానా, ఒక్కసారి మర్చిపోయినట్టు నటించవే!" అంది.

సాయంత్రం మేగన్‌కి నేర్పుతూ అలాగే నటించాను. రెండో అంకంలో రాణి ఒంటరిగా తిరిగే చోట ఆగి, గుర్తు లేదన్నాను. "పర్లేదు, పాత ప్రదర్శన వీడియో చూసుకుంటాలే" అంది మేగన్. ఆ వీడియోలో ఆ చోట అడుగులు తప్పుగా ఉన్నాయి. నాకు తెలుసు. ఆమె ఫోన్ తీసేలోపే "ఆగు" అని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించాను.

అంత బాగా నేనెప్పుడూ చెయ్యలేదు. చూసింది మేగన్ ఒక్కతే.