డిసెక్షన్ హాల్లో నా అడ్మిషన్

వైద్యుల సంఘం ఆఫీసులో నేను ఉద్యోగానికి చేరింది డాక్టర్ సంబంధం దొరుకుతుందని కాదు. నాలుగేళ్లుగా మా ఇంట్లో అందరూ అదే అనుకుంటున్నారు. ఆదివారం మీటింగుకు ఇస్త్రీ చీర కట్టుకుంటే అమ్మ ముఖం వెలిగిపోతుంది. సంచిలో నోటుబుక్కు పెట్టుకోవడం మాత్రం ఎవరికీ కనబడదు. ఇప్పుడు వీలునామా రాస్తున్నానని తెలిసి, ఎవరితోనో ప్రేమ చెడిందనుకొని పిన్ని ఫోన్ చేసి గంటసేపు ఓదార్చింది. అదీ కాదు.

సికింద్రాబాద్, మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఉండే పర్వతాలు కుమార్తెను, కల్పలతను, ఇరవై ఏడేళ్లదాన్ని, బి.ఎస్సీ. మైక్రోబయాలజీ చదివినదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఇది రాస్తున్నాను. నాకు జబ్బేమీ లేదు. బతుకు మీద విరక్తీ లేదు, ముసలిదాన్నయ్యేదాకా ఉండాలనే ఉంది. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత అఫ్రీన్‌ది. నాతో పాటు మూడేళ్లు నీట్ లాంగ్‌టర్మ్ కోచింగులో కూర్చొని, నాలాగే సీటు రాక, ఇప్పుడు సీతాఫల్‌మండిలో రక్తపరీక్షల ల్యాబ్ నడుపుతోంది.

1. నా స్టెతస్కోప్, బ్యాంకులో ఉన్నదంతా అమ్మ దేవమ్మకు. స్టెతస్కోప్ మొదటి ఏడాది, ర్యాంకు రాకముందే, కోఠిలో కొనుక్కున్నాను. దసరా ఆయుధపూజకు అమ్మ, బాపు స్పానర్ల పక్కన దాన్నీ పెట్టి బొట్టు పెడుతుంది. మూడోసారి కూడా సీటు రానప్పుడు దాన్ని కనబడకుండా దాచెయ్యమన్నాను. అమ్మ దాన్ని బీరువాలో పెట్టేసింది. ఆ దసరాకు కూడా బీరువాలోంచి తీసి పసుపు బొట్టు పెట్టింది. రబ్బరు గొట్టం మీద ఆ పసుపు మరక ఇంకా ఉంది. ఎవరూ తుడవకూడదు.

2. స్కూటీ, దానితో పాటు సంఘం సభ్యుల డైరెక్టరీలో నా కాపీ, తమ్ముడు హరికిషన్‌కు. అందులో పెళ్లికాని డాక్టర్ల పేర్ల పక్కన ఎర్ర పెన్సిల్‌తో టిక్కులు కొట్టింది వాడే. “అక్కా, గీ ఎముకల సార్ అయితే మస్తుంటది. స్కూటీ మీదికెల్లి పడ్డా మనకు పరేషాన్ లేదు” అన్నాడు. అప్పుడు నవ్వాను. మరిచిపోలేదు.

3. ఏడు నోటుబుక్కులు పిన్ని కూతురు ఊర్మిళకు, బైపీసీ చదువుతోంది కనుక. రెండో ఆదివారం మీటింగుకు అందరికీ కబురు పెట్టడం, హాజరు పుస్తకం తెరిచి ఉంచడం, ప్రొజెక్టర్ వెలుగుతుందో లేదో చూడడం, మినిట్స్ రాయడం, ఇవీ సంఘంలో నా పనులు. డాక్టర్లు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు కావలసిన క్రెడిట్ గంటల కోసం సంతకం పెట్టి, సమోసా తిని, ఉపన్యాసం సగంలో ఉండగానే క్లినిక్కులకు వెళ్లిపోతారు. చివరి స్లైడు దాకా ఉండేది చెప్పేవారు, నేను, కప్పులు ఏరే మా అటెండరు యేసుదాసు. మినిట్స్‌కు విషయం పేరు రాస్తే చాలు. నేను వెనక కుర్చీలో కూర్చొని గుండె కవాటాల బొమ్మలతో సహా అంతా రాసుకున్నాను. ఊర్మిళకు ర్యాంకు రాకపోయినా ఆ పుస్తకాలు దాని దగ్గర నుంచి ఎవరూ తీసుకోకూడదు.

4. సంఘానికి ఒక్క మాట. నాకంటే ముందు ఇదే టేబుల్ దగ్గర మేబెల్ ఆంటీ ఇరవై ఎనిమిదేళ్లు డాక్టర్లందరి సంతాప తీర్మానాలూ టైపు చేసింది. ఆమె పోయినప్పుడు, సభ్యురాలు కాదు కనుక రెండు నిమిషాల మౌనానికి నియమావళి ఒప్పుకోదన్నారు. నా కోసం ఎవరూ నిలబడనక్కర్లేదు. ఆమె కోసం నిలబడండి.

5. డాక్టర్ వెంకటరత్నం గారికి ఏమీ రాయడం లేదు. ఆయన దీనికి సాక్షి, సాక్షికి రాయకూడదట. కానీ ఇదంతా ఆయనతోనే మొదలైంది. రెండేళ్ల కింద సంఘం వాట్సాప్ గ్రూపులో ఆయన నంబరు నుంచి ఒక మరణవార్త వచ్చింది. పోయింది ఆయన అన్నగారు. మెసేజ్‌లో ఆ పేరు లేదు. ఆయనే పోయారనుకొని నేను సంతాప తీర్మానం రాశాను, ముప్ఫై మంది డాక్టర్లు మౌనంగా నిలబడ్డారు. తరువాతి నెల ఆయన యాప్రాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి హాజరు పుస్తకంలో సంతకం పెట్టారు. నేను జరిగిందంతా చెప్పేశాను. ఆయన తీర్మానం అడిగి తీసుకొని, నిలబడే చదివి, “ఇంత మంచిగా మా ఇంట్లో ఎవరూ అనలేదమ్మా. ఓ కాపీ ఇస్తావా?” అన్నారు.

ఆయన ముప్ఫై ఏళ్లు అనాటమీ చెప్పారు. మీటింగు అయ్యాక బస్సు వేళ అయ్యేదాకా నాకూ చెప్పేవారు. దేహాలను కోసి నేర్చుకునే డిసెక్షన్ హాల్లో మొదటి రోజు పిల్లలంతా బల్ల ముందు నిలబడి, తమ దేహం ఇచ్చినవారికి మాట ఇస్తారట, మర్యాదగా నేర్చుకుంటామని. ఒకసారి నన్ను తాను పాఠాలు చెప్పిన మెడికల్ కాలేజీకి తీసుకెళ్లారు. బయటివాళ్లను ఆ హాల్లోకి రానివ్వరు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఫార్మలిన్ వాసన కళ్లలో గుచ్చుకుంది. తెల్లకోట్ల పిల్లలు నన్ను దాటుకుంటూ లోపలికి పోయారు. పదిహేడో ఏట నుంచీ నేను వెళ్లాలనుకున్న గది అదే. పది అడుగుల దూరం.

సాక్షి సంతకం అడిగితే ఆయన, “మీ రికార్డుల్లో నేను పోయినవాణ్ణి కదమ్మా, చెల్లుతుందా?” అన్నారు.

6. ఇక నా దేహం. మెడికల్ కాలేజీకి ఇచ్చే అంగీకార పత్రంలో దగ్గరి బంధువు సంతకానికి ఒక గీత ఉంది. మొదటిసారి బాపు ముందు పెట్టినప్పుడు, డాక్టర్ల సంఘం నుంచి తెచ్చిన కాగితం కదా, సంబంధం కాగితమనుకొని సంతోషంగా పెన్ను తీశాడు. చదివి క్యాప్ పెట్టేశాడు. రెండోసారి భోజనం మధ్యలో లేచిపోయాడు. మూడోసారి కూర్చోబెట్టి చెప్పాను. నేల చూస్తూ, “నాకంటె ముందుగాల నువ్వెట్ల పోతవ్ బిడ్డా? ఒకయేళ పోయినా, నిన్ను ముక్కలకైతె నేనియ్య” అన్నాడు. కాగితం మడిచి మళ్లీ సంచిలో పెట్టుకున్నాను. ఇప్పటికీ అందులోనే ఉంది.

ఇంటివాళ్లు వద్దంటే కాలేజీ తీసుకోదని నాకు తెలుసు. అప్పుడు అఫ్రీన్ ఈ కాగితం బాపుకు చదివి వినిపించాలి, తొందరపెట్టకుండా. నా కళ్లు ముందే కంటి బ్యాంకుకు ఇవ్వాలి. దహనం వద్దు, పదకొండో రోజు వద్దు. నా దేహం మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి. బాపు సంతకం పెట్టినా, పెట్టకపోయినా, నా నిర్ణయం ఇది.

సికింద్రాబాద్, 14 సెప్టెంబర్ 2025, రెండో ఆదివారం.

(సంతకం) పి. కల్పలత

సాక్షులు, నా ఎదుట, నేను చూస్తుండగా సంతకం చేసినవారు:
1. డాక్టర్ వెంకటరత్నం, రిటైర్డ్ అనాటమీ ప్రొఫెసర్, యాప్రాల్
2. యేసుదాసు, అటెండరు, వైద్యుల సంఘం ఆఫీసు